ఇద్దరు పిల్లలకూ ఒకే దగ్గు, ఒకరి రిపోర్టు పాజిటివ్, ఒకరిది నెగెటివ్. ఇది కోరింత దగ్గేనా?

పానగల్లు కోడలు | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది నల్గొండ. కాస్త టెన్షన్‌లో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకోండి.

పెద్దోడికి తొమ్మిదేళ్లు. మూడు వారాలుగా దగ్గు. పగలంతా బాగానే ఆడుకుంటాడు, రాత్రి పన్నెండు దాటిందంటే మొదలు. ఒక్కసారి తెర వచ్చిందా, ఊపిరి తీసుకునే సందు లేకుండా పది పదిహేను దగ్గులు. ముఖం కందగడ్డలా అయిపోతుంది. చివరికి తిన్నదంతా కక్కేస్తాడు. అందరూ చెప్పే ఆ ఈల లాంటి శబ్దం మాత్రం లేదు. చిన్నదానికి ఐదేళ్లు, దానికి దగ్గు మొదలై ఎనిమిది రోజులు.

పెద్దోడిని హైదరాబాద్ తీసుకెళ్తే ముక్కులోంచి బాగా లోపలిదాకా పుల్ల పెట్టి శాంపిల్ తీశారు. రిపోర్టులో చాంతాడంత జాబితా ఉంది. అన్నిటికీ ఎదురుగా 'లేదు'. ఒక్క 'బోర్డెటెల్లా పారాపర్టుసిస్' ఎదురుగా 'ఉంది'. దాని పై వరుసలోనే 'బోర్డెటెల్లా పర్టుసిస్' అని ఇంకొకటి, దానికి 'లేదు'. చిన్నదాన్ని మళ్లీ అంత దూరం తిప్పలేక ఇక్కడే ఒక ల్యాబులో చూపించాం. 'కోరింత దగ్గు పీసీఆర్: నెగెటివ్' అని వచ్చింది. ఇద్దరూ ఒకే కంచంలో తింటారు, ఒకే దుప్పట్లో పడుకుంటారు. మరి ఒకరికి ఉండి ఒకరికి లేకపోవడం ఏమిటి?

ఇద్దరికీ టీకాలన్నీ వేయించాం, కార్డు నిండా తేదీలున్నాయి. అయినా ఎందుకొచ్చిందో అర్థం కావట్లేదు.

అసలు గాభరా వేరే ఉంది. మా తమ్ముడికి పాప పుట్టి పన్నెండు రోజులైంది. మరదలి పుట్టిల్లు జడ్చర్ల. ఇరవై ఒకటో రోజున తొట్టెల ఫంక్షన్. మేనత్తను నేను, చెవిలో పేరు చెప్పాల్సింది నేనే. పెద్దోడిని అమ్మ దగ్గర వదిలేసి, నెగెటివ్ వచ్చింది కదా అని చిన్నదాన్ని తీసుకుని వెళ్దామని మావారు అంటున్నారు. వెళ్లొచ్చా?


దేవరకొండ దోస్తు | సోమవారం, రాత్రి 10:05

అక్కా, గాడిద పాలు పట్టించు. మా వీధిలో గాడిదను తోలుకుని వస్తారు, అక్కడికక్కడే పిండి ఇస్తారు. మా నాయనమ్మ మా అందరికీ పట్టింది.


శాంపిల్ శీనన్న | సోమవారం, రాత్రి 10:11

దోస్తూ, గాడిద పాల సంగతి తర్వాత. అక్కా, నేను పద్నాలుగేళ్లుగా ల్యాబులో పని చేస్తున్నా. ఒక్క పని చెయ్యండి. చిన్నపాప రిపోర్టు రెండో పేజీలో, లేకుంటే కింద చిన్న అక్షరాల్లో, 'టార్గెట్' అనో 'మెథడ్' అనో ఉంటుంది. అక్కడ ఏం రాసుందో చెప్పండి.


పానగల్లు కోడలు | సోమవారం, రాత్రి 10:20

'టార్గెట్: ఐఎస్ 481' అని ఉంది. ఇంకేమీ లేదు.


శాంపిల్ శీనన్న | సోమవారం, రాత్రి 10:48

అనుకున్నదే. ఆ ల్యాబు తప్పు చేయలేదు. కానీ అడిగిన ప్రశ్నే వేరు.

పీసీఆర్ అంటే క్రిమి మొత్తాన్ని చూడటం కాదు. దాని డీఎన్‌ఏలో ఒక ఆనవాలు ముక్కను ఎంచుకుని, అది ఉందా లేదా అని వెతకడమే. కోరింత దగ్గు తెప్పించే ముఖ్యమైన క్రిమి పర్టుసిస్. దానికి ఆ ఆనవాలు ఐఎస్ 481 అనే చిన్న ముక్క. తనను తాను నకలు తీసుకుంటూ డీఎన్‌ఏ అంతటా దూరిపోయే రకం. పర్టుసిస్ ఒక్కో కణంలో రెండు వందలకు పైగా ఉంటాయి. ఒక్క చోట ఉన్నదాన్ని వెతకడం కన్నా రెండు వందల చోట్ల ఉన్నదాన్ని పట్టుకోవడం తేలిక కదా, అందుకే ల్యాబులన్నీ దాని మీదే పడతాయి.

పారాపర్టుసిస్‌లో ఆ ముక్క ఉండదు. దాని ఆనవాలు వేరే, ఐఎస్ 1001. హైదరాబాద్‌లో చేసిన పెద్ద పరీక్ష రెండింటినీ వెతికింది. ఇక్కడ ఒక్కదాన్నే వెతికారు. కాబట్టి చిన్నపాపకు పెద్దోడికి ఉన్న క్రిమే ఉన్నా సరే, ఈ పరీక్షలో నెగెటివే వస్తుంది. 'పర్టుసిస్ లేదు' అన్న మాట నిజమే. 'ఆ జాతిదేదీ లేదు' అని మాత్రం కాదు.

ఇంకొకటి. పెద్దోడికి మూడు వారాలు దాటింది. చిన్నదానికి ఇప్పుడు ఎనిమిదో రోజు. అంటుకునే రోజులు మొదటి రెండు మూడు వారాలే. జడ్చర్ల పాప విషయంలో మీరు ఎక్కువ భయపడాల్సింది పాజిటివ్ వచ్చినోడి గురించి కాదు, నెగెటివ్ వచ్చినదాని గురించి.


పానగల్లు కోడలు | సోమవారం, రాత్రి 10:52

అమ్మో. ఇప్పుడు నిద్ర పట్టినట్టే.


రిటైర్డ్ సిస్టరమ్మ | మంగళవారం, ఉదయం 5:50

బిడ్డా, లేవగానే నీ పోస్టు చూశాను. ఏఎన్‌ఎంగా అచ్చంపేట వైపు, దేవరకొండ తండాల్లో ముప్పై ఏళ్లు తిరిగినదాన్ని. సూటిగా చెబుతాను.

తొట్టెలకు చిన్నదాన్ని తీసుకెళ్లకు. నెల లోపు పసికందుకు ఈ రకం దగ్గు వస్తే ఒక్కోసారి దగ్గనే దగ్గదు. ఊపిరి ఆపేస్తుంది. పెదాలు నీలం అవుతాయి. పాలు తాగుతూ తాగుతూ వాలిపోతుంది. తల్లి నిద్రపోయిందనుకుంటుంది. రెండుసార్లు కళ్లారా చూశాను, ఒక పాప దక్కలేదు.

ఇవాళే పిల్లల డాక్టరుకు రెండు రిపోర్టులూ చూపించు. ఇద్దరికీ మందు ఇవ్వాలా, నీకూ మీ ఆయనకూ ఇవ్వాలా, పసిబిడ్డ ఉన్న ఇంటి సంగతి ఏమిటి, అన్నీ అడుగు. మామూలుగా అజిత్రోమైసిన్ ఐదు రోజులు రాస్తారు. ఐదు రోజులు పూర్తయితే ఇతరులకు అంటించే ప్రమాదం తగ్గుతుంది. దగ్గు మాత్రం వెంటనే తగ్గదు. మందు పని చేయలేదని మధ్యలో మానేయకు.


సూక్ష్మజీవి మాస్టారు | మంగళవారం, ఉదయం 8:15

పాలమూరు నుంచి. డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను. సిస్టరమ్మ చెప్పినదాని మీద నేను చెప్పేదేమీ లేదు. 'టీకా వేయించినా ఎందుకొచ్చింది' అన్నదానికి మాత్రం జవాబు ఉంది. కాస్త పెద్దదవుతుంది, ఓపికుంటే చదవండి.

కోరింత దగ్గు అనేది మనం లక్షణానికి పెట్టుకున్న పేరు. ఆ దగ్గు తెప్పించే బ్యాక్టీరియా ఒక్కటి కాదు, ఒక కుటుంబం. అందులో ప్రసిద్ధికెక్కినది పర్టుసిస్. 1906లో బోర్డె, జెంగూ అనే ఇద్దరు దీన్ని బయటపెట్టారు. బంగాళదుంప, గ్లిజరిన్, రక్తం కలిపి ముద్ద చేసి దాని మీద పెంచారు, లేకపోతే అంత తేలిగ్గా పెరిగే రకం కాదు. బోర్డె పేరుమీదే బోర్డెటెల్లా అయింది.

పారాపర్టుసిస్‌కు పేరొచ్చింది 1938లో. అమెరికాలోని మిషిగన్‌లో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అనే ఇద్దరు ఆడవాళ్లు పగలు ఉద్యోగం చేసి, సాయంత్రం దగ్గే పిల్లలున్న ఇళ్లకు కిరసనాయిలు దీపాల వెలుగులో వెళ్లేవారు. పిల్లల నోటి ముందు పళ్లెం పట్టుకుని దగ్గించి, ఆ తుంపర్లలోంచి క్రిములు పెంచేవారు. కోరింత దగ్గుకు గట్టిగా పనిచేసే టీకా తయారు చేసింది వీళ్లే. ఆ పళ్లేల్లోనే ఇంకొక రకం కనబడింది. పర్టుసిస్‌లా ఉంది కానీ పర్టుసిస్ కాదు. కుక్కల్లో, పందుల్లో కనబడే ఇంకో బోర్డెటెల్లా, బ్రాంకిసెప్టికాలా ఉంది కానీ అదీ కాదు.

ఇప్పుడు డీఎన్‌ఏ దగ్గరికి వద్దాం. 2003లో ఈ మూడింటి డీఎన్‌ఏనూ పక్కపక్కన పెట్టి చదివారు. డీఎన్‌ఏ అంతా ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతోనే రాసి ఉంటుంది. బ్రాంకిసెప్టికాకు 53 లక్షల 40 వేల అక్షరాలు. పారాపర్టుసిస్‌కు సుమారు 47 లక్షల 70 వేలు. పర్టుసిస్‌కు 40 లక్షల 86 వేలు. మనుషులకు ప్రాణాంతకమైన క్రిమి కదా, కొత్త ఆయుధాలేవో సంపాదించుకుని ఉంటుందని అనుకుంటాం. తీరా చూస్తే ఉన్నవే పోగొట్టుకుంది.

మన పాలమూరోళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బతుకుదెరువుకు ముంబయి పోయేవాడు నాగలి, గాబు, గంప అన్నీ ఊళ్లోనే వదిలేసి పోతాడు. అక్కడ వాటితో పని లేదు. బ్రాంకిసెప్టికా రకరకాల జంతువుల్లో బతుకుతుంది, బయట నీళ్లలో కూడా కొంతకాలం నిలుస్తుంది. పర్టుసిస్ మనిషి గొంతులో కాపురం పెట్టింది, ఇంకెక్కడా బతకదు. అక్కరలేని జన్యువులు ఒక్కొక్కటే ఊడిపోయాయి. శీనన్న చెప్పిన ఐఎస్ 481 ముక్కే ఇందులో పెద్ద దోషి. ఒకేలాంటి ముక్క రెండు చోట్ల ఉంటే అవి రెండూ అతుక్కుని, మధ్యలో ఉన్నదంతా తెగి పడిపోతుంది.

ఒక సంగతి చాలామంది పొరబడతారు. పారాపర్టుసిస్ అంటే పర్టుసిస్‌కు చిన్న తమ్ముడు కాదు. రెండూ బ్రాంకిసెప్టికా లాంటి పూర్వీకుల నుంచే వేర్వేరుగా విడిపోయి, వేర్వేరు దారుల్లో మనిషి గొంతు చేరాయి. టీకా విషయంలో ఈ తేడాయే కొంప ముంచింది. క్లాసు టైమైంది, మిగతాది మధ్యాహ్నం.


క్లాక్ టవర్ కబుర్లు | మంగళవారం, ఉదయం 9:30

అంటే సార్, ఇన్నేళ్లు పిల్లలకు పొడిపించిన టీకాలన్నీ దండగేనా? సూటిగా చెప్పండి. మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?


రిటైర్డ్ సిస్టరమ్మ | మంగళవారం, ఉదయం 9:41

మీ కాలంలో పిల్లలు చచ్చిపోయేవాళ్లు బాబూ. మా అమ్మ తొమ్మిది మందిని కంటే ఐదుగురం మిగిలాం. పోయిన నలుగురిలో ఇద్దరు దగ్గుతోనే పోయారని చెప్పేది.


సూక్ష్మజీవి మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 1:50

దండగ కాదు. ఆ టీకా పర్టుసిస్ కోసం తయారైంది, పర్టుసిస్‌ను ఆపుతుంది. పారాపర్టుసిస్ మీద దాని ప్రభావం చాలా తక్కువ. దీనికంటూ వేరే టీకా లేదు.

ఎందుకంటే గొంగడి. పారాపర్టుసిస్ పైపొర మీద చక్కెర అణువుల గొలుసులు దట్టంగా ఉంటాయి, ఓ యాంటిజెన్ అంటారు. పర్టుసిస్‌కు అవి లేవు, ఆ జన్యువులు పోగొట్టుకుంది. టీకాతో మన ఒంట్లో తయారైన యాంటీబాడీలు పర్టుసిస్ ఒంటిని గుర్తుపట్టడం నేర్చుకున్నాయి. ఇంచుమించు అలాంటి ఒళ్లే పారాపర్టుసిస్‌కూ ఉన్నా, పైన గొంగడి కప్పుకుని ఉంటుంది. యాంటీబాడీలు ఒంటిదాకా చేరలేవు.

మరి పారాపర్టుసిస్ సాధారణంగా కొంచెం మెత్తగా ఎందుకు పోతుంది? పర్టుసిస్ టాక్సిన్ అనే విషం వల్ల పర్టుసిస్ జబ్బు ముదురుతుంది. పసిపిల్లల్లో తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరిగిపోయేది దాని వల్లే. ఆ విషం తాలూకు జన్యువు పారాపర్టుసిస్‌లోనూ ఉంది, బ్రాంకిసెప్టికాలోనూ ఉంది. కానీ పని చేయదు. 1987లోనే ఇటలీ వాళ్లు దీన్ని చూపించారు. బోరు ఉంది, మోటరు ఉంది, స్టార్టరు కాలిపోయింది. జన్యువుకు ముందు 'మొదలుపెట్టు' అని చెప్పే చిన్న భాగం ఉంటుంది, అందులో అక్షరాలు మారిపోయాయి.


మిర్యాలగూడ మిల్లు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

మాస్టారూ, వలస కూలీ, గొంగడి, బోరు అయ్యాయి. ఇంకో పోలిక పడితే మీ పాఠాన్ని వ్యవసాయ శాఖ వాళ్లు ఎత్తుకుపోతారు 😄

నాదొక ప్రశ్న. మా బాబుకు ప్రైవేటులో 'నొప్పి లేని టీకా' వేయించాం. జ్వరం రాలేదు, కాలు వాయలేదు. మా పనిమనిషి బిడ్డకు సర్కారు దవాఖానాలో వేస్తే రెండు రోజులు జ్వరం. ఖర్చు పెట్టి మంచిదే వేయించామనుకున్నా. మొన్న ఎవరో అది తొందరగా అరిగిపోతుందన్నారు. నిజమేనా?


సూక్ష్మజీవి మాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:30

నిజమే. సర్కారు పెంటావాలెంట్‌లో (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) ఉండేది చంపేసిన పర్టుసిస్ కణం మొత్తం. దాని ప్రొటీన్లన్నీ ఒంటికి పరిచయం అవుతాయి, అందుకే జ్వరమూ వాపూ. నొప్పి లేని దాంట్లో శుద్ధి చేసిన కొన్ని ప్రొటీన్లు మాత్రమే ఉంటాయి, ఎక్కువలో ఎక్కువ ఐదు. 1981లో జపాన్‌లో మొదలైంది. రక్షణ బాగానే ఇస్తుంది కానీ ఎక్కువ ఏళ్లు నిలవదు. మీ బాబుకు బూస్టర్లు తప్పకుండా వేయించండి, అంతే. ఇప్పుడు బాధపడి లాభం లేదు.

ఇందులోనే జన్యువుల కథ ఒకటి ఉంది. ఆ ఐదింట్లో పర్టాక్టిన్ ఒకటి, కణం పైన అతుక్కుని ఉండే ప్రొటీను. నొప్పి లేని టీకా వాడే దేశాల్లో పర్టాక్టిన్ తయారు చేయని పర్టుసిస్ రకాలు పెరిగాయి. ఆస్ట్రేలియాలో పరీక్షించిన వాటిలో 2008లో 5 శాతం ఉంటే 2012కు 78 శాతం. పర్టాక్టిన్ పోవడానికి మార్గం కూడా చాలాసార్లు ఒకటే. మన పాత మిత్రుడు ఐఎస్ 481 ఎగిరి వచ్చి సరిగ్గా ఆ జన్యువు మధ్యలో కూర్చుంటుంది. జన్యువు రెండు ముక్కలు. పోలీసులు మీసాల గుర్తుతో వెతుకుతుంటే దొంగ మీసాలు తీసేసినట్టు. (మిల్లుగారూ, ఇది వ్యవసాయం కాదు.)

స్టార్టరు కథకు రెండో వైపూ ఉంది. పర్టుసిస్‌లోనే విషం జన్యువు ముందున్న భాగంలో ఒక మార్పు వచ్చిన రకాన్ని పీటీఎక్స్‌పీ3 అంటారు. దీనికి విషం కాస్త ఎక్కువ తయారవుతుంది. నెదర్లాండ్స్‌లో మొదట గమనించారు, తర్వాత చాలా దేశాల్లో పాత రకాన్ని పక్కకు నెట్టేసింది. అమెరికాలో 2012లో 48,277 కేసులు నమోదయ్యాయి. దానికి కారణం ఇదొక్కటే అనలేం. టీకా రక్షణ తగ్గడం, పరీక్షలు పెరగడం అన్నీ కలిశాయి.

ఇంత చెప్పాక ఇది వాయువేగంతో మారిపోయే క్రిమి అనిపిస్తుంది. కాదు. 1920 నుంచి 2010 దాకా 19 దేశాల్లో దాచిన 343 నమూనాలు చదివి లెక్క కట్టారు. 41 లక్షల అక్షరాల్లో ఏడాదికి మారేది దాదాపు ఒక్క అక్షరం. నత్తనడక. కాకపోతే మారిన ఆ ఒక్క అక్షరం ఎక్కడ పడిందన్నదే ముఖ్యం.


పానగల్లు కోడలు | మంగళవారం, రాత్రి 8:10

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. చిన్నదానికి రెండు ఆనవాళ్లూ వెతికే పరీక్షకు శాంపిల్ ఇచ్చాం. రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దని ఇద్దరికీ ఇవాళే మందు మొదలుపెట్టించారు. మాకూ రాశారు. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పా. మరదలి అమ్మగారికి కొంచెం కోపం వచ్చింది, 'దగ్గుకే రానంటారా' అని.

ఈ మందులు పని చేస్తాయి కదా? మా వీధి ఆర్‌ఎంపీ నెల కిందట పెద్దోడికి జలుబు చేస్తే అజిత్రో మూడు రోజులు ఇచ్చాడు. అప్పుడూ ఇదే మాత్ర.


శాంపిల్ శీనన్న | మంగళవారం, రాత్రి 8:44

పని చేస్తుందనే ఇస్తారు అక్కా, కోర్సు పూర్తి చేయించండి. కానీ మీరు అడిగింది మంచి ప్రశ్న. పర్టుసిస్‌లో అజిత్రోకు లొంగని రకాలున్నాయి. అదీ ఒక్క అక్షరం తేడానే. క్రిమి ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రంలో 23ఎస్ ఆర్‌ఎన్‌ఏ అనే భాగం ఉంటుంది, అందులో 2047వ స్థానంలో ఏ ఉండాల్సింది జీ అయితే, అజిత్రో వెళ్లి కూర్చునే పీట లాగేసినట్టే. చైనాలో ఇప్పుడు ఈ రకం బాగా ఎక్కువ. ప్రతి జలుబుకూ అజిత్రో మింగించే ఆర్‌ఎంపీలకు ఈ మాట ఎవరు చెప్పాలి? జలుబు వైరస్‌కు ఆ మాత్ర అవసరమే లేదు.


మందకాపరి | మంగళవారం, రాత్రి 9:20

మాది నారాయణపేట దిక్కు. ఇదంతా చదివి భయమేస్తున్నది. మా దగ్గర 40 గొర్లున్నాయి, వానాకాలం వస్తే సగం దగ్గుతాయి. కుక్క కూడా దగ్గుతున్నది. మా పోరగాడు వాటి మధ్యనే పడుకుంటాడు. వాటి నుంచి వస్తదా?


పశువైద్యం బాబాయ్ | బుధవారం, ఉదయం 7:05

తమ్ముడూ, గొర్రెలు దగ్గడానికి సవాలక్ష కారణాలున్నాయి. ఊపిరితిత్తుల్లో పురుగులు, పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా, దుమ్ము. ముందు మీ పశువుల దవాఖానాలో చూపించు, నట్టల మందు తాపించావా లేదా చెప్పు.

మాస్టారి పాఠంలో గొర్రెలకూ చోటుంది. పారాపర్టుసిస్ గొర్రెల్లో కూడా ఉంటుంది, న్యూజిలాండ్‌లో, స్కాట్లాండ్‌లో పట్టుకున్నారు. కానీ డీఎన్‌ఏ చూస్తే గొర్రెలది వేరు, మనుషులది వేరు. ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు. మనుషుల్లో దొరికేవి ఇంచుమించు అన్నీ ఒకే పోత. గొర్రెల్లోవి ఒకదానికొకటి తేడాగా ఉంటాయి. పిల్లాడికి గొర్రె నుంచి కోరింత దగ్గు వస్తుందని బెంగ పెట్టుకోకు.

కుక్క సంగతి వేరు. గుంపుగా ఉండే కుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గుకు బ్రాంకిసెప్టికా ఒక కారణం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దాదాపు అంటదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, కాన్సర్ మందుల మీద ఉన్నవాళ్లు మాత్రం దగ్గే కుక్కకు దూరంగా ఉండటం మంచిది.


దేవరకొండ దోస్తు | బుధవారం, ఉదయం 7:30

గాడిదలకు వస్తుందా బాబాయ్? ఊరికే అడుగుతున్నా.


శాంపిల్ శీనన్న | బుధవారం, ఉదయం 10:00

😄 వదలవు కదా.

చిన్నపాప రిపోర్టు వచ్చేలోగా ఒక హెచ్చరిక, ఎందుకంటే మొన్నటి నా మాటలు చదివి 'ఐఎస్ 481 పాజిటివ్ అంటే పర్టుసిస్ ఖాయం' అనుకుంటారు. అదీ కాదు. హోల్మీసియై అని ఇంకొక బోర్డెటెల్లా ఉంది, 1995లో పేరు పెట్టారు. దాంట్లోనూ ఐఎస్ 481 కొన్ని ఉంటాయి. ఆ ఒక్క ముక్కనే వెతికే ల్యాబు దాన్ని పర్టుసిస్ అని రాసేస్తుంది.

ఇంకా ఘోరం ఏమిటంటే, రెండు వందల నకళ్లున్న ముక్కను వెతుకుతున్నాం కాబట్టి చెయ్యి మీద దుమ్ములో ఉన్న చచ్చిన క్రిమి అవశేషానికి కూడా పాజిటివ్ పలుకుతుంది. 2006లో అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఒక ఆసుపత్రిలో ఇదే జరిగింది. దాదాపు వెయ్యి మంది సిబ్బందికి పరీక్షలు చేసి ఇంటికి పంపారు, 142 మందికి కోరింత దగ్గు ఉందన్నారు. కల్చర్ చేసి, అంటే శాంపిల్‌లోంచి క్రిమిని పెంచి చూస్తే ఒక్కరికీ లేదు, అది మామూలు దగ్గు.

నాకూ ఒకసారి అయింది. టీకా వేసిన గదిలోనే, గ్లవ్స్ మార్చకుండా శాంపిల్ తీశాను. టీకాలో ఉన్న చచ్చిన పర్టుసిస్ డీఎన్‌ఏ అంటుకుని ఉంటుంది. పాజిటివ్. పిల్లాడికి దగ్గే లేదు, వాళ్ల అన్న కోసం వచ్చాడంతే. పైగా సీటీ విలువ 37. అంటే యంత్రం 37 సార్లు రెట్టింపు చేస్తే గానీ కనబడలేదు. ఆ నంబరు రిపోర్టులో ఉంటే డాక్టరును అడగండి.


రిటైర్డ్ సిస్టరమ్మ | బుధవారం, మధ్యాహ్నం 3:20

మీ మాటలు వింటుంటే ఒకటి గుర్తొచ్చింది. దేవరకొండ దగ్గర తండాలో ఒక తల్లి ఉండేది. మొదటి సూదికి బిడ్డ తొడ మీద నిమ్మకాయంత గడ్డ కట్టింది, రాత్రంతా ఏడ్చింది. రెండో సూదికి రమ్మంటే తలుపేసుకుంది. నేను నాలుగు బుధవారాలు వెళ్లాను. ఐదోసారికి వాళ్లు ఇటుక బట్టీకి వలస పోయారు. ఏడాది తర్వాత వస్తే కార్డు అడిగాను. బియ్యం డబ్బాలోంచి తీసింది, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మడత నలగకుండా. అందులో ఒకే ఒక్క తేదీ.

కార్డును అంత భద్రంగా దాచుకున్న మనిషికి టీకా వద్దని కాదు. జ్వరం వస్తుందని, అది మామూలేనని ముందు నేను చెప్పలేదు. అది నా తప్పే. తర్వాత నుంచి సూది వేసే ముందే చెప్పేదాన్ని.


క్లాక్ టవర్ కబుర్లు | బుధవారం, మధ్యాహ్నం 3:45

సిస్టరమ్మా, నిన్న తొందరపడి అన్నాను. మా మనవడికి రెండో బూస్టరు పెండింగులో ఉంది. ఐదేళ్లు దాటి నాలుగు నెలలైంది. ఇప్పుడు వేయించొచ్చా?


రిటైర్డ్ సిస్టరమ్మ | బుధవారం, మధ్యాహ్నం 3:58

ఐదు నుంచి ఆరేళ్ల మధ్య వేస్తారు, టైములోనే ఉన్నావు. శనివారం తీసుకెళ్లు.


పానగల్లు కోడలు | గురువారం, రాత్రి 7:35

చిన్నదాని రిపోర్టు వచ్చింది. ఐఎస్ 481 లేదు. ఐఎస్ 1001 ఉంది. శీనన్నా, మీరు చెప్పినట్టే.

తొట్టెలకు ఎవరమూ వెళ్లడం లేదు. రిపోర్టు ఫోటో తమ్ముడికి పంపితే, వాళ్ల అత్తగారు తనే ఫోన్ చేసి 'రావద్దు బిడ్డా, పేరు ఫోన్లో చెప్పు' అన్నారు.


పానగల్లు కోడలు | నెల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:10

ఎవరైనా ఇంకా చూస్తున్నారో లేదో. పెద్దోడికి దగ్గు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, కానీ కక్కడం లేదు. చిన్నది తేరుకుంది.

తొట్టెల రోజు వీడియో కాల్‌లో పేరు చెప్పాను. సిగ్నల్ సరిగ్గా లేక మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది, పాప మొదటిసారికే ఏడుపు అందుకుంది. నిన్న అందరం వెళ్లి చూసి వచ్చాం. చేతులు కడుక్కునే ఎత్తుకున్నా లెండి. మొన్నటికి ఆరు వారాలు నిండాయి. వచ్చే బుధవారం మొదటి పెంటా. మరదలు అడుగుతోంది, జ్వరం వస్తే ఏం చేయాలని.


రిటైర్డ్ సిస్టరమ్మ | ఆదివారం, సాయంత్రం 5:24

చూస్తూనే ఉన్నా బిడ్డా. సూది వేసిన చోట రుద్దొద్దు, నూనె పెట్టొద్దు. గడ్డ కడితే దానంతట అదే కరుగుతుంది, తడిపిన చల్లటి గుడ్డ వేస్తే చాలు. జ్వరం వస్తే పాప బరువు చూసి చుక్కల మందు అక్కడి సిస్టరే రాసిస్తుంది, ఎన్ని చుక్కలో కార్డు వెనక రాయించుకోమను. పాలు మానకుండా ఇవ్వాలి. పదో వారం తేదీ కూడా అప్పుడే అడిగి తెలుసుకోమను.